అహోబిలం ఎక్కితే మతిమరుపు తగ్గుతుందా?

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి గుడికి పోవాలంటే భవనాశిని వాగు వెంబడి రాళ్లు, మెట్లు ఎక్కాలి. కొందరు డోలీలో పోతారు. కర్ర పట్టుకుని నడిచే పెద్దవాళ్లూ ఉన్నారు. దిగువన యోగానంద నరసింహుడు యోగముద్రలో ఉంటాడు. ప్రహ్లాదుడికి యోగం నేర్పింది ఆయనేనని స్థలపురాణం. అంటే ఒకే క్షేత్రంలో ఇటు కసరత్తు, అటు ధ్యానం. మరి ఈ రెండూ చేస్తే ముసలితనంలో మతిమరుపు ఆగుతుందా?

దీన్ని అమెరికాలో పరీక్షించి చూశారు. 65 నుంచి 84 ఏళ్ల వాళ్లు 585 మంది. జ్ఞాపకం తగ్గుతోందని అందరికీ దిగులే కానీ, డిమెన్షియా లేదు. లాటరీ పద్ధతిలో నాలుగు గుంపులు చేశారు: ధ్యానం, వ్యాయామం, రెండూ కలిపి, ఉత్త ఆరోగ్య పాఠాలు. 2022 డిసెంబరులో ‘జామా’ పత్రికలో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు గానీ, 18 నెలలకు గానీ ధ్యానం, వ్యాయామం చేసినవాళ్ల జ్ఞాపకశక్తి పాఠాలు విన్నవాళ్లకన్నా చెప్పుకోదగ్గంత మెరుగవలేదు.

నాలుగో గుంపు ఎందుకంటారా? ఒకే పరీక్ష రెండోసారి రాస్తే అలవాటు వల్లే మార్కులు పెరగొచ్చు. పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే ఆ మార్కులన్నీ ధ్యానం ఖాతాలో పడిపోతాయి. మన ల్యాబ్‌లో కంట్రోల్ లాంటిదే ఇది.

2011లో 120 మందితో చేసిన ఇంకో అధ్యయనంలో, ఏడాది పాటు నడిచినవాళ్ల మెదడులో హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. కానీ ఆ భాగం పెరగడం వేరు, ఇంట్లో తాళాలు ఎక్కడ పెట్టామో గుర్తుండటం వేరు.

అలాగని నడక మానమని కాదు. బీపీ, షుగర్, నిద్ర, కాళ్ల పట్టు అన్నిటికీ నడక మంచిదే. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు మార్చుకోగల 14 కారణాలు చెప్పింది. వాటిలో వ్యాయామం లేకపోవడం ఒకటి మాత్రమే. బీపీ, షుగర్, వినికిడి లోపం, పొగతాగడం, ఒంటరితనం కూడా ఉన్నాయి. అన్నిటినీ సరిచేస్తే దాదాపు 45 శాతం కేసులు ఆపొచ్చు, లేదా వెనక్కి నెట్టొచ్చు.

వీటిలో చాలావరకు నడివయసులోనే మొదలవుతాయి. అంటే ఇది అవ్వాతాతల సంగతే కాదు, ఇప్పుడు మన అమ్మానాన్నల సంగతి. ఈసారి ఇంటికి పోయినప్పుడు బీపీ చూపించండి. టీవీ సౌండ్ పెంచుతుంటే చెవులు చూపించండి. అవ్వ అడిగిందే అడుగుతుంటే, తెలిసిన వీధిలోనే దారి తప్పుతుంటే ‘వయసు కదా’ అని వదిలేయకండి. థైరాయిడ్, బి12 లోపం వల్ల కూడా అలా అవుతుంది, వాటికి మందులున్నాయి. కొండ ఎక్కించండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి.