జీతం నిజాముది, హుకుం రెసిడెంటుది

నల్లగండ్ల వాళ్ళం లింగంపల్లిలో రైలెక్కి, సికింద్రాబాదులో దిగి బొల్లారం వెళ్ళామంటే, ఒక విచిత్రమైన ఫౌజు ఉన్నచోటికి చేరినట్టే. హైదరాబాదు కంటింజెంటు పెద్ద స్థావరం అక్కడే ఉండేది.

దక్కనులో పిండారీల దోపిడీలు మితిమీరిన రోజులవి. రెసిడెంటు హెన్రీ రస్సెల్ 1813 ప్రాంతంలో నిజాం సిపాయిలతో ఒక బ్రిగేడు తయారుచేశాడు. 1817-18 యుద్ధంతో పిండారీలు అణిగిపోయారు. దొంగలు పోయారు గదా, ఫౌజు పోయిందా? పోలేదు! ఆఫీసర్లు ఇంగ్లీషువాళ్ళు, హుకుం రెసిడెంటుది, జీతం మాత్రం నిజాం ఖజానాది. ఖజానా వట్టిపోతే దివాన్ చందూలాల్ పామర్ కంపెనీ దగ్గర నూటికి పాతిక దాకా వడ్డీకి అప్పు తెచ్చేవాడు. ఈ కాలం చిట్‌ఫండు వాళ్ళు కూడా ఆ వడ్డీ వింటే సిగ్గుపడతారు.

తర్వాత ఈస్టిండియా కంపెనీయే జీతాలిచ్చి, ఆ బాకీ నిజాం ఖాతాలో రాసుకుంటూ పోయింది. 1853లో డల్హౌసీ హయాంలో నాసిరుద్దౌలా చేత సంధి రాయించుకుని బీరారు, రాయచూరు దోఆబు, నల్దుర్గు వైపు సీమ తీసుకున్నారు. బీరారంటే నల్లరేగడి, పత్తి. 1860లో తక్కినవి తిరిగొచ్చాయి, బీరారు రాలేదు. మొదటి సాలార్‌జంగ్ 1876లో లండన్ దాకా వెళ్ళినా పని కాలేదు. 1902లో కర్జన్ ఏడాదికి 25 లక్షలకు దాన్ని శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. మరుసటేడు ఆ ఫౌజు ఇండియన్ ఆర్మీలో కలిసిపోయింది.