సున్నతో శ్రీకారం: కంప్యూటర్ తెరపై తెలుగు అక్షరపు వంపు

తెలుగు అక్షరానికి గుండ్రదనమే అందము. తాటాకుపై ఘంటముతో నిలువుగీతలు, అడ్డగీతలు గీచినచో ఆకు చీలిపోవును గనుక మన లిపి వంపులను ఆశ్రయించినదని పెద్దలు చెబుతారు. అట్టి అక్షరాన్ని నేడు కంప్యూటర్ తెరపై మౌస్‌తో గీయబోతే గీత వణుకుతుంది. చేతిలో కళ లేదనుకొని చాలామంది అక్కడితో విరమిస్తారు. నిజానికి లోపం చేతిలో లేదు, బిందువుల అమరికలో ఉన్నది.

దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్ వంటి చోట్ల నివసించే తెలుగు కుటుంబాలకు ఈ విద్య మరింత ఉపయోగకరం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి సముద్రం దాటివచ్చి ఈ దీవులలో స్థిరపడినవారు ఎందరో కలరు. ఇంటిలో మాట తెలుగే అయినను, పిల్లలకు బయట తెలుగు అక్షరం కనిపించుట అరుదు. సంక్రాంతి శుభాకాంక్షల పత్రాన్ని ఇంటిల్లిపాదీ కూర్చొని స్వయంగా చిత్రించుకుంటే పిల్లలు ప్రతి అక్షరాన్నీ శ్రద్ధగా చూస్తారు. అలా చూచిన అక్షరం మరపునకు రాదు.

ఈ వంపుల గణితం కార్ల తయారీలో పుట్టినది. ఫ్రాన్సులోని సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్టెల్జో 1959లో దీనిని రూపొందించగా, సంస్థ రహస్యంగా ఉంచినది. రెనో సంస్థ ఇంజనీరు పియరీ బెజియే 1960 దశకంలో ఇదే మార్గంలో కృషి చేసి ప్రచురించుటచే ఆ వంపులకు ‘బెజియే’ అను పేరు స్థిరపడినది. మనం చదివే తెలుగు ఫాంట్లలోని అక్షరాలు సైతం ఇట్టి వంపులతోనే నిర్మితమైనవి.

పద్ధతి సులభము. గీతకు ఇరుకొనలా రెండు బిందువులు. ఒక్కొక్క బిందువుకు ఒక హ్యాండిల్. హ్యాండిల్ ఎటు చూస్తే గీత అటు బయలుదేరుతుంది. హ్యాండిల్ ఎంత పొడవైతే గీత అంత దూరం ఆ దిక్కునే సాగి, ఆ తరువాత వంగుతుంది.

2003 నుండి ఉచితంగా లభించుచున్న ఇంక్‌స్కేప్‌లో మొదట ఒక సున్న చుట్టుదాం. పైన, క్రింద, ఎడమ, కుడి కలిపి నాలుగు బిందువులు చాలును. పై, క్రింది బిందువుల హ్యాండిళ్లు అడ్డంగాను, ప్రక్క బిందువులవి నిలువుగాను ఉండాలి. ప్రతి హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో 0.55 వంతు. అనగా వ్యాసార్ధం 100 మిల్లీమీటర్లయితే హ్యాండిల్ 55 మిల్లీమీటర్లు. కంటికి నిండైన సున్న సిద్ధమవుతుంది. దానిపై తలకట్టు నిలిపితే ‘ర’. నడుమ చుక్క ఉంచితే ‘ఠ’.

ఒక వంపు మరొక వంపుతో కలియుచోట రెండు హ్యాండిళ్లు ఒకే సరళరేఖపై ఉండవలెను; లేనిచో మూల తేలుతుంది. వాటి పొడవులలో మరీ తేడా ఉన్నను గీత ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఫెరార్గంజ్ మీదుగా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డుపై బస్సు మలుపు తిరుగునపుడు డ్రైవరు స్టీరింగును ఒక్కసారిగా త్రిప్పడు, క్రమంగా త్రిప్పుతాడు. గీత మలుపు కూడా అట్లే క్రమంగా రావాలి.

పెన్సిల్ పరికరంతో చేతిరాతగా గీచినపుడు చేతి వణుకు వలన అనవసరపు బిందువులు పుట్టుకొస్తాయి. అప్పుడు గీతను ఎంచుకొని కంట్రోల్, ఎల్ మీటలు కలిపి నొక్కితే బిందువులు తగ్గి గీత నునుపు తేలుతుంది. అదేపనిగా నొక్కితే మాత్రం అక్షరపు పోలికే మారిపోవచ్చును. కావున ముందుగా ఒక నకలు భద్రపరచుకొనుట మంచిది.

రానున్న సెలవు దినాన మన పిల్లలతో ఒక సున్న, ఒక ‘ర’ గీయిద్దాం. ఆ తరువాత వారి పేర్లను తెలుగులో వారిచేతనే చిత్రింపజేద్దాం.