తెర మీది పాఠం, చేతిలోని పని



బొంబాయిలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది మన కామాఠీల వల్లనే. ఇళ్ళు కట్టే పనికి వలస వెళ్ళిన తెలుగువాళ్ళు వారు. వర్లి చాళ్ళలో స్థిరపడ్డవారిలో నేతపనివారు, మిల్లు కార్మికులు చాలామంది. వారికి పని నేర్పిన బడి మిల్లే. బద్లీ కార్మికుడిగా చేరి, పక్కవాడి చేయి చూసి, తెగిన పోగును ముడివేయడం నేర్చుకున్నారు. 1982 సమ్మె తర్వాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ పనులకు పిల్లలు ఐ.టి.ఐ. బాట పడుతున్నారు.

2020 మార్చిలో కరోనా వచ్చి వర్క్‌షాపులకు తాళాలు పడ్డాయి. పాఠం సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. వర్లి బి.డి.డి. చాళ్ళ పాత గది 160 చదరపు అడుగులు. అందులోనే సంసారమంతా, అందులోనే ఈ పాఠం! చేతిపనిని ఇలా నేర్పగలమా?

కొంతవరకు నేర్పవచ్చు. మెట్ల దీపమే తీసుకోండి. కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. ఎక్కడ నొక్కినా దీపం వెలగాలి, ఆరాలి. రెండూ టూ-వే స్విచ్చులు, వాటి మధ్య రెండు తీగలు. రెండు స్విచ్చులూ ఒకే తీగ మీద ఉన్నప్పుడే కరెంటు నడుస్తుంది. కదిలే బొమ్మలో ఇది నల్లబల్ల మీద కంటే తేలికగా అర్థమవుతుంది. ఆ మాట ఒప్పుకోవాలి.

కాని స్క్రూ వదులుగా ఉన్నా తెర మీది దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లోనైతే ఆ అతుకు దగ్గర నిరోధం పెరిగి, వేడెక్కి, నిప్పు అంటుకోవచ్చు. తీగ తొడుగు ఒలిచేటప్పుడు రాగి పోగులు తెగాయా, స్క్రూ ఎంత బిగిసింది, ఇవి వేళ్ళకే తెలుస్తాయి. అందుకే రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న బల్బు ఇచ్చి, ఇంటి కరెంటు జోలికి పోకుండా అదే వైరింగు చేయించాలి. కెమెరా పిల్లవాడి ముఖం మీద కాదు, చేతుల మీద ఉండాలి. బిగించిన తీగను లాగి చూపించమనాలి. ఊడివస్తే మళ్ళీ చేయమనాలి.

పవయిలో ఉన్న ఐ.ఐ.టి. బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలు. కొంచెం చూడడం, ఆపడం, అదే చేయడం. అవి ఎక్కువగా కంప్యూటరు పాఠాలు. అక్కడ పనిముట్టు కూడా తెరే కనుక పద్ధతి చక్కగా కుదిరింది.

ఫిట్టరు ఆకురాయి సంగతి వేరు. దాన్ని ముందుకు తోసేకొద్దీ ముందుచేతి ఒత్తిడి తగ్గాలి, వెనుకచేతి ఒత్తిడి పెరగాలి. లేకుంటే ఇనుప ముక్క అంచులు గుండ్రమైపోతాయి. దీనికి మేస్త్రీ పక్కన నిలబడి చేయి పట్టుకు దిద్దాల్సిందే. వర్క్‌షాపులో గడిపే గంటలు ముందు ఇటువంటి పనులకు కేటాయించి, సిద్ధాంతాన్ని ఫోనుకు వదిలేయవచ్చు.