పాత ఇంజనులో ఆయిలు ఫిల్టరు – పొగగొట్టపు వేడి నుండి దానిని కాపాడుట

తొలకరి వాన పడిన నాడు దుక్కికి దిగవలసిన ట్రాక్టరు షెడ్డులో నిలిచిపోయినచో, అదను తప్పిన నష్టమును ఏ ఎరువూ పూడ్చలేదు. మన పల్లెలలో ముప్పది, నలుబది ఏండ్లు నడచిన ట్రాక్టర్లు, జీపులు, అంబాసిడరు కార్లు నేటికీ అక్కడక్కడ పనిచేయుచున్నవి. వానిని నిలుపుకొను రైతులు ఇంజనుకు చేయించు మార్పులలో రెండు ముఖ్యమైనవి. మొదటిది, పగిలిన పోత ఇనుప మానిఫోల్డును తీసివేసి, గొట్టములు వంచి అతికించిన పొగగొట్టము పెట్టించుట. రెండవది, పాతకాలపు డబ్బా ఫిల్టరుకు బదులు మర త్రిప్పి బిగించు ఫిల్టరు పెట్టించుట. విడివిడిగా చూచిన ఈ రెండును తప్పులు కావు. కాని రెండును ఇంజనుకు ఒకే ప్రక్క చేరినప్పుడు ఫిల్టరు పొగగొట్టమునకు ఆనుకొనుటయో, దానిని విప్పుటకు చేయి దూరకపోవుటయో జరుగును. అట్టి సమయమున ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

ఫిల్టరు చేయు పని

ఇంజను అడుగు చాంబరులోని ఆయిలును పంపు పీల్చి ఫిల్టరులోనికి నెట్టును. అక్కడ మడతలు పెట్టిన కాగితము గుండా వడకట్టబడి, పంట కాలువ నుండి బోదెలకు నీరు పారినట్లు, ఆయిలు బేరింగులన్నిటికి చేరును. బేరింగుకును క్రాంకుకును మధ్యనుండు సందు వెంట్రుక మందమునకు మించదు. ఆ సందులో నిలచిన పలుచని ఆయిలు పొరయే ఇనుమును ఇనుము తాకకుండ కాపాడుచున్నది.

మర ఫిల్టరులో సాధారణముగా రెండు కవాటములుండును. కాగితము మూసుకొనిపోయినను, చలికి ఆయిలు చిక్కబడినను, వడకట్టకయే ఆయిలును బేరింగులకు వదలునది ఒకటి. ఈ కవాటము కొన్ని ఇంజనులలో ఫిల్టరులో గాక ఇంజనులోనే యుండును. ఇంజను ఆపినప్పుడు ఫిల్టరులోని ఆయిలు వెనుకకు జారకుండ ఆపు రబ్బరు కవాటము రెండవది. ఈ రెండవ దానిని గుర్తుంచుకొనుడు. దీని పని క్రింద మరల వచ్చును.

పాత విల్లీస్ తరహా జీపులలో పెక్కింట ఆయిలంతయు ఫిల్టరు గుండా పోదు. కొంత భాగము మాత్రము సన్నని గొట్టము ద్వారా ఫిల్టరుకు పోయి తిరిగి చాంబరులో పడును. కనుక ఏ మార్పు చేయుటకైనను ముందు మీ ఇంజను ఏ పద్ధతిదో తెలిసికొనవలెను.

ఈ చిక్కు ఎక్కడ నుండి వచ్చినది?

ఇంజను నిర్మించువారు సాధ్యమైనంత వరకు ఫిల్టరును, పొగగొట్టమును వేరు వేరు ప్రక్కల నుంచుదురు. అంబాసిడరు కారుకు చాలకాలము వాడిన బి.ఎం.సి. బి-సిరీస్ పెట్రోలు ఇంజనులో మానిఫోల్డు ఎడమ ప్రక్కను, ఫిల్టరు కుడి ప్రక్కను ఉన్నవి. ఇది యాదృచ్ఛికము కాదు.

అయితే వి ఆకారపు ఇంజనులకు రెండు ప్రక్కలను పొగగొట్టములుండుట వలన ఫిల్టరు ఏదో ఒక గొట్టమునకు దగ్గర కాక తప్పదు. 1955లో వచ్చిన అమెరికా షెవర్లే ఎనిమిది సిలిండర్ల ఇంజను ఇందుకు మంచి ఉదాహరణ. దానికి ఫిల్టరు ఎడమ ప్రక్క వెనుక క్రిందిభాగమున ఉండును. 1967 వరకు డబ్బా ఫిల్టరు, 1968 నుండి మర ఫిల్టరు అమర్చిరి. ఆ పాత కార్ల యజమానులు సిలిండరుకొక గొట్టము చొప్పున పొడుగు పొగగొట్టములు బిగించినప్పుడు అవి ఫిల్టరుకు అడ్డు వచ్చినవి. పొట్టి ఫిల్టరు వాడుట, మూల తిరుగు అమరిక పెట్టుట, ఫిల్టరును దూరముగా జరుపుట అను ఉపాయములు వారు వాడుచున్నవే. మనకును అవే ఉపయోగపడును.

అట్టి గొట్టముల వలన లాభము ఇంజను మిక్కిలి వేగముగా తిరిగినప్పుడే కలుగును. నిమిషమునకు 1500 నుండి 2000 చుట్లు తిరుగు ట్రాక్టరుకు వాని వలన చెప్పుకోదగిన లాభము లేదు. కనుక అసలు పోత ఇనుప మానిఫోల్డు దొరికినచో, కొంత ఖర్చయినను దానినే తిరిగి బిగించుట మొదటి మార్గము.

వేడి చేయు చెరుపు

మంచి స్థితిలోనున్న ఇంజనులో ఆయిలు సుమారు 90 నుండి 110 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో ఉండును. నిండు బరువు మీద డీజిలు ఇంజను విడుచు పొగ 400 నుండి 500 డిగ్రీలుండవచ్చును. పెట్రోలు ఇంజనులో ఇంకను హెచ్చు. పొగగొట్టము తాకకపోయినను, ఎండ మనకు తగిలినట్లే దాని వేడి ఫిల్టరుకు తగులుచుండును. ఈ వేడి గొట్టము కాగిన కొలది వరుసగా గాక మిక్కిలి వేగముగా పెరుగును. 300 డిగ్రీల గొట్టము 500 డిగ్రీలకు చేరినచో అది వెదజల్లు వేడి మూడు రెట్లకు పైగా అగును. ఖాళీ బండిని షెడ్డులో ఐదు నిమిషములు తిప్పి చూచి, బాగుగనే యున్నదని తృప్తిపడరాదనుటకు కారణమిదియే.

ఈ వేడికి ముందుగా చెడునది రబ్బరు వలయము. మామూలు నైట్రైలు రబ్బరు 100 నుండి 120 డిగ్రీలకు మించి నిలకడగా ఓర్వజాలదు. అది గట్టిపడి, పగిలి ఆయిలు కార్చును. కారిన ఆయిలు కాగిన గొట్టముపై పడిన మంట పుట్టవచ్చును. నూర్పిడి కాలములో ఇంజను చుట్టును పొట్టు, గడ్డి పేరుకొనియుండును. ఆ సమయమున పుట్టిన నిప్పు ట్రాక్టరుతో ఆగదు. కుప్పలను కూడ కాల్చివేయును.

చేయవలసిన పనులు

1. సందు చూచుకొనుట. ఫిల్టరు పొగగొట్టమును ఎక్కడను తాకరాదు. గొట్టములను విప్పకుండ ఫిల్టరును త్రిప్పి బయటికి తీయుటకు వీలుండవలెను. తీయునప్పుడు జారు ఆయిలు గొట్టముపై పడనట్టి దారి యుండవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను ఆ అమరిక పనికిరాదు.

2. పొట్టి ఫిల్టరు. సందు కొద్దిగా తక్కువైనప్పుడు ఇది చౌకైన మార్గము. కాని మర, రబ్బరు వలయపు వ్యాసము, లోపలి కవాటము అసలు ఫిల్టరుకు సరిపోవలెను. ముప్పావు అంగుళపు మర, 20 మిల్లీమీటర్ల మర చూపునకు ఒకటిగనే కనబడును. ముప్పావు అంగుళమనగా 19 మిల్లీమీటర్లు మాత్రమే. 20 మిల్లీమీటర్ల ఫిల్టరు దానిపై వదులుగా ఎక్కి బిగిసినట్లే తోచును. ఒత్తిడి హెచ్చినప్పుడు ఊడిపోవును. పొట్టి ఫిల్టరులో కాగితము తక్కువ కనుక ముందుగనే మార్చుచుండవలెను.

3. రేకు అడ్డు. ఫిల్టరుకు, గొట్టమునకు నడుమ మెరుపుగల రేకును, రెండు వైపులను గాలి ఆడునట్లు, దేనిని తాకకుండ, ఇంజనుకు గట్టిగా బిగింపవలెను. గోనె గుడ్డ గాని, ఆస్‌బెస్టాసు త్రాడు గాని చుట్టరాదు. ఆస్‌బెస్టాసు పొడి ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేయును. ఏ చుట్టయైనను ఆయిలుతో తడిసినచో దీపపు వత్తివలె అంటుకొనును.

4. ఫిల్టరును దూరముగా జరుపుట. పై మార్గములు కుదరనప్పుడు, ఇంజనుకు అమరిక బిళ్ల బిగించి, రెండు గొట్టములతో ఆయిలును చల్లని చోటనున్న ఫిల్టరుకు తీసికొనిపోవచ్చును. ఇందుకు నీటి రబ్బరు గొట్టము, క్లిప్పులు ఎంతమాత్రము పనికిరావు. హైడ్రాలిక్ గొట్టములు చేయు దుకాణములో వేడి ఆయిలుకు తగిన గొట్టములు, యంత్రముతో నొక్కిన మూతులతో చేయించుకొనవలెను. గొట్టపు లోపలి వ్యాసము ఇంజనులోని ఆయిలు దారికంటె తక్కువ కారాదు. కార్లు, జీపులలో ఇంజను రబ్బరు దిమ్మెలపై ఊగుచుండును. కావున ఫిల్టరును ఛాసిస్‌కు బిగించినచో గొట్టములకు కొంత వదులు ఇవ్వవలెను. వాని దారి పొగగొట్టమునకు ఎడముగా ఉండవలెను.

ఈ పనిలో పెద్ద ప్రమాదము గొట్టములు తారుమారగుట. మర ఫిల్టరులో ఆయిలు చుట్టునున్న చిన్న రంధ్రముల ద్వారా లోనికి పోయి, నడిమి రంధ్రము ద్వారా ఇంజనుకు తిరిగి వచ్చును. తారుమారైనచో, వెనుకకు జారకుండ ఆపు ఆ రబ్బరు కవాటమే దారిని మూసివేయును. బేరింగులకు ఆయిలు చుక్క అందదు. కొద్ది నిమిషములలో ఇంజను పట్టివేయును.

బిగించిన పిదప

రంధ్రములు తొలిచిన, మరలు కోసిన రజను మిగులకుండ కడుగవలెను. పాత రబ్బరు వలయము ఇంజనుకు అంటుకొని యున్నదేమో చూచి తీసివేయవలెను. వలయముపై వలయము పడినచో ఆయిలు చిమ్మును. క్రొత్త వలయమునకు ఆయిలు రాచి, అది ఆనిన తరువాత చేతితో ముప్పావు చుట్టు త్రిప్పిన సాధారణముగా చాలును. ఫిల్టరుపై వేరుగా ముద్రించి యున్నచో ఆ ప్రకారము చేయవలెను.

తరువాత డీజిలు ఇంజనుకు ఆపు మీట లాగి పట్టి, పెట్రోలు ఇంజనుకు ఇగ్నిషన్ కాయిలుకు కరెంటు తెచ్చు తీగ విప్పి, ఒక్కొక్క మారు పది సెకండ్లకు మించకుండ సెల్ఫు త్రిప్పవలెను. ఒత్తిడి ముల్లు లేచిన పిదపనే ఇంజను నడుపవలెను. క్రొత్త గొట్టములు కొంత ఆయిలును పట్టును గనుక చాంబరులో మట్టము మరల చూచి నింపవలెను. ఇంజను కాగిన తరువాత ఒత్తిడి, వెయ్యి చుట్లకు చదరపు అంగుళమునకు సుమారు 10 పౌనులు ఉండవలెనని సామాన్య లెక్క; మీ బండి పుస్తకములో వేరుగా చెప్పియున్నచో దానినే పాటింపవలెను. ఒక గంట బరువు పని చేయించి, ఆపి, కారుడు ఉన్నదేమో మరల చూడవలెను.

స్థలము చాలదని ఫిల్టరునే తీసివేసి దారి మూయించుట కొన్ని షెడ్డులలో సులభమైన ఉపాయముగా చెప్పుదురు. దానికి ఒప్పుకొనరాదు. వడకట్టని ఆయిలుతో ఇంజను ఆ సీజనుకు నడచినను, బేరింగులు లోలోపల అరుగుచునే యుండును. ఫిల్టరు వెల కొద్ది వందలు. క్రాంకు పని వేలకు వేలు. వేసవిలో పనులు లేని రోజులలోనే ఈ అమరికను సరిచేయించుకొన్న రైతుకు, తొలకరి నాడు బండి సిద్ధముగా ఉండును.