గీత దాటిన గజరాజులు

2016 జూన్ నెలాఖరు. అస్సాం వరదల్లో గుంపు నుంచి తప్పిపోయిన ఓ ఏనుగు బ్రహ్మపుత్రలో కొట్టుకుపోయి బంగ్లాదేశ్‌లో తేలింది. లంకల వెంట, బురద మడుగుల్లో వారాల తరబడి తిరిగింది. చూడటానికి ఊళ్లకు ఊళ్లే కదిలివచ్చాయి. ‘బంగ బహదూర్’ అని ముద్దుపేరు పెట్టుకున్నాయి. దాన్ని కాపాడటంలో సాయపడటానికి మన దేశం నుంచి నిపుణులు వెళ్లారు. మత్తు సూది వేసి పట్టుకున్నారు కానీ, అలసిన ఆ ప్రాణం ఆగస్టు 16న జమాల్‌పూర్ జిల్లాలో పోయింది. అక్కడివాళ్లు సొంత బిడ్డ పోయినట్టు ఏడ్చారు. సరిహద్దు దాటే ఏనుగుల కోసం రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేసింది 2020 డిసెంబరు 17న.

ఆసియా ఏనుగులు అడవుల్లో మిగిలింది 13 దేశాల్లోనే. అన్నీ కలిపినా 50 వేలు మించవని అంచనా. అందులో సగానికి పైగా మన దగ్గరే ఉన్నాయి. మరి పెద్దరికం ఎవరిది? 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో జరిగిన వలస జీవుల ఒడంబడిక సదస్సులో ఏనుగుకు అత్యున్నత రక్షణ కల్పించాలని ప్రతిపాదించింది మన దేశమే. సభ్య దేశాలు ఒప్పుకున్నాయి. సైబీరియా కొంగ ఉన్న జాబితాలోకి ఏనుగూ చేరింది.

2017లో మయన్మార్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన రోహింగ్యాలకు బంగ్లాదేశ్‌లోని కుటుపలాంగ్ దగ్గర గుడారాలు వెలిశాయి. తీరా చూస్తే అది ఏనుగులు తరతరాలుగా నడిచే దారి. తొలి నెలల్లోనే పదిమందికి పైగా శరణార్థులు వాటి బారిన పడి చనిపోయారు. నేరం ఏనుగుదీ కాదు, ఆ నిర్భాగ్యులదీ కాదు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కలిసి ఒక పని చేశాయి. శిబిరాల్లోని వాళ్లకే శిక్షణ ఇచ్చి, అంచుల వెంట వెదురు మంచెలు కట్టించాయి. మన చేలల్లో పిట్టలు తోలేందుకు కట్టే మంచెల్లాంటివే. రాత్రంతా కాపలా. ఏనుగు కనబడితే జనాన్ని దూరం చేసి, దాన్ని నెమ్మదిగా అడవి వైపు మళ్లిస్తారు. ఇల్లు పోగొట్టుకున్న మనుషులే దారి పోగొట్టుకున్న ఏనుగుకు కాపలా కాస్తున్నారు! ఇంతకన్నా గొప్ప కథ నాకు కనబడలేదు.

నేపాల్‌లోని బాహుందాంగీ గ్రామానిది మరో ఉపాయం. పంట చేతికొచ్చే వేళకు పశ్చిమ బెంగాల్ నుంచి మేచీ నది దాటి ఏనుగులు దిగేవి. అక్కడి రైతులు వరి, మొక్కజొన్న తగ్గించి ఏనుగు ముట్టని తేయాకు, బిర్యానీ ఆకు వేశారు. తేనెటీగలు పెంచారు.

శ్రీలంక 1985లో పాకిస్తాన్‌కు కానుకగా ఇచ్చిన కావన్ అనే ఏనుగు ఇస్లామాబాద్ జూలో 35 ఏళ్లు గడిపింది. తోడున్న ఆడ ఏనుగు 2012లో చనిపోయాక ఒంటరిదైంది. 2020 నవంబరులో విమానమెక్కి కంబోడియా అడవికి చేరింది.

ఇవన్నీ పొరుగు దేశాల కబుర్లనుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒంటరి ఏనుగు ఇద్దరు రైతులను పొట్టన పెట్టుకుంది. చిత్తూరు కౌండిన్య అడవుల్లో ఏనుగులది నాలుగు దశాబ్దాల కాపురం. అటువైపు చేలున్నవారికి ఒక్క మాట: ఏనుగు అడుగులు కనిపిస్తే వెంట వెళ్లకండి, రాళ్లు రువ్వకండి, సెల్ఫీ కోసం ఆగకండి. ముందు అటవీ శాఖకు ఫోన్ చేయండి.