పాడైనా పైకి తెలియని మందు: పిల్లల బ్లడ్ క్యాన్సర్ ఇంజెక్షన్‌ను ఎందుకు చల్లగా ఉంచాలి?

మోపిదేవి, అవనిగడ్డ వైపు నుంచి బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లల్ని విజయవాడకో గుంటూరుకో తీసుకెళ్లే అమ్మానాన్నలకు ఒక్కోసారి ‘ఈ ఇంజెక్షన్ బయట కొనుక్కురండి, ఐసులో పెట్టి తీసుకురండి’ అని చెబుతారు. ఆ మందు పేరు ఆస్పరజినేజ్. ఎందుకంత జాగ్రత్త?

ఇది మామూలు రసాయనం కాదు, ఒక ఎంజైము, అంటే పనిచేసే ప్రోటీను. లుకేమియా కణాలు చాలావరకు ఆస్పరజిన్ అనే పోషకాన్ని సొంతంగా తగినంత తయారు చేసుకోలేవు. రక్తం నుంచి తీసుకోవాల్సిందే. ఈ ఎంజైము రక్తంలోని ఆస్పరజిన్‌ను ముక్కలు చేసేస్తుంది. తిండి అందక ఆ కణాలు చస్తాయి. మంచి కణాలు చాలావరకు తమకు కావలసింది తామే తయారు చేసుకుంటాయి.

1953లో అమెరికాలో జాన్ కిడ్ అనే శాస్త్రవేత్త గినీ పిగ్ రక్తపు సీరం ఎలుకల్లో కణితులను కరిగించడం గమనించారు. అందుకు కారణం ఈ ఎంజైమేనని 1961లో జాన్ బ్రూమ్ చూపించారు. ఇప్పుడు వాడే మందు ఆ జంతువు నుంచి కాదు, బాక్టీరియా నుంచి తయారవుతుంది.

ఇక అసలు సంగతి. ఈ ఎంజైములో ఒకేలాంటి 4 ముక్కలు కలిసి ఉంటాయి. రెండు ముక్కలు కలిసే చోటే పని జరిగే గది ఉంటుంది. ముక్కలు విడిపోయినా, మడతలు చెదిరినా పని ఆగిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చి సొన కాదు కదా, ఇదీ అంతే. ఎండ వేడి ఒక్కటే కాదు, గడ్డకట్టడం, గట్టిగా కుదపడం కూడా దానికి ప్రమాదమే. చిక్కేమిటంటే, పాడైన మందు కూడా చూడ్డానికి బాగానే కనిపించవచ్చు.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌నూ ఇదే జబ్బుకు ఇస్తారు. అది చిన్న అణువు, చెదరడానికి మడతలు లేవు. అందుకే ఆ మాత్రలు ఫ్రిజ్ లేకుండా కూడా నిలుస్తాయి. ఆస్పరజినేజ్‌కు మాత్రం 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి.

రొయ్యల్ని ప్యాక్ చేసినట్టు సీసాను నేరుగా ఐసులో పూడ్చకండి, గడ్డకట్టవచ్చు. సీసాకు గుడ్డో అట్టో చుట్టి, ఐస్ ప్యాకులున్న డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే ఫ్రీజర్‌లో వద్దు. దారిలో ఐసు కరిగిపోతే దాచకుండా డాక్టరుకో నర్సుకో చెప్పండి. తిడతారని ఊరుకోవద్దు. పనిచేయని మందు ఎక్కిస్తే నష్టపోయేది బిడ్డే.

శరీరంలోనూ దీనికి శత్రువులున్నారు. మన రోగనిరోధక శక్తి దీన్ని పరాయిదిగా చూసి పనిచేయనీయకపోవచ్చు. అందుకే దానికి ‘పెగ్’ అనే తొడుగు వేసిన రకం వచ్చింది. సాధారణ రకం రక్తంలో సగానికి తగ్గడానికి ఒక రోజు పైచిలుకు పడితే, తొడుగు వేసినదానికి 6 రోజుల దాకా పడుతుంది. అందుకే సూదులు తక్కువవుతాయి.

ఇంజెక్షన్ తర్వాత దద్దుర్లు, ఆయాసం, తీవ్రమైన కడుపునొప్పి, ఆగని తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.