నల్లరేగడిలో రాత్రి కెమెరా: అపోహలు, వాస్తవాలు

బీదర్ జిల్లా భాల్కి తాలూకాలోని ఖటక్ చించోళి పేరు వినగానే చించోళి వన్యప్రాణి అభయారణ్యం తలపుకు రావచ్చు గాని, ఆ అభయారణ్యం పొరుగున ఉన్న కలబురగి జిల్లాలోనిది. ఖటక్ చించోళి వంటి సాగుభూముల ఊళ్లలో రాత్రి కెమెరా పని పులులను లెక్కించడం కాదు. అడవిపంది ఏ గట్టు దాటి, ఏ వేళకు చేలో పడుతున్నదో పట్టి చూపడం.

అటువంటి కెమెరా చీకటిలోనూ చూడగలదని చాలామంది నమ్ముతారు. వాస్తవానికి అది కంటికి ఆనని పరారుణ కాంతిని తానే వెదజల్లి, జంతువు మీద పడి తిరిగివచ్చిన వెలుగుతో చిత్రం తీస్తుంది. ఆ దీపాలకు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి, పగటి చిత్రాలు చక్కగా వచ్చి రాత్రివి నల్లగా వస్తే కెమెరాను నిందించే ముందు సెల్లులను అనుమానించాలి.

రీఛార్జి సెల్లులు బలహీనమైనవన్నది మరో అపోహ. ఎనిమిది ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులను వరుసగా పేరిస్తే 12 వోల్టులు, అన్నే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులతో 9.6 వోల్టులు వస్తాయన్నది నిజమే. అయితే ఆల్కలైన్ సెల్లు వాడేకొద్దీ వోల్టేజి దిగజారుతూ, దీపం వెలిగిన క్షణాన ఇంకా కుంగిపోతుంది, రీఛార్జి సెల్లు మాత్రం దాదాపు చివరిదాకా 1.2 వోల్టుల దగ్గరే నిలుస్తుంది. ఆ తక్కువ వోల్టేజితో పనిచేయగలదా అన్నది మాత్రం కెమెరాతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి.

సోలార్ పలక పెడితే చింత తీరినట్టేనన్న మాట సగమే నిజం. కొమ్మ నీడ పలకలో ఒక మూల పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. బీదర్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున పలకను దక్షిణానికి తిప్పి దాదాపు అంతే వాలు ఇవ్వాలి. ముసురు పట్టిన రోజులను దాటించే బ్యాటరీ కూడా దాని వెనుక ఉండాలి.

ఎత్తున కడితే ఎక్కువ కనబడుతుందనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. అటువంటి గణనల్లో కెమెరాను ఇంచుమించు మోకాలి ఎత్తునే కడతారు. జంతువును పసిగట్టే సెన్సరు, ఒంటి వేడికీ వెనుక నేల వేడికీ మధ్య తేడా కదలడాన్ని బట్టి మేల్కొంటుంది. మే నెల మధ్యాహ్నం నేల ఒంటితో సమానంగా కాగినప్పుడు అది పందిని వదిలేసి, ఊగే గడ్డికి ఉలిక్కిపడవచ్చు. అందుకే ముందున్న గడ్డి కోయాలి; ఉదయ, సాయంకాలపు ఎండ కటకంలో పడకుండా ముఖం ఉత్తరానికి పెట్టాలి.

ఇక గుంజ సంగతి. నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బుతుంది. పైపైన పాతిన గుంజ ఒరిగితే కెమెరా ఆకాశాన్నో, మట్టిగడ్డలనో చూస్తూ కూర్చుంటుంది. గుంజను లోతుగా పాతి, మొదటి పెద్దవాన వెలిసిన మరునాటి రాత్రి ఒక మనిషి దాని ముందు పంది ఎత్తున పాకి, ఆ చిత్రం వచ్చిందో లేదో చూసుకోవాలి.